కళ్ళకద్దుకున్న ఉప్పు

ముందు నీడ పడింది. ఆ వెనకే డేగ దిగింది.

ఘర్ఘరానది నట్టనడుమ సుడిగుండాల మీద బల్లకట్టు గిరగిరా తిరుగుతోంది. దాని మీద చతికిలబడి మందపాలుడు అప్పుడే అటుకుల మూట విప్పబోతున్నాడు. ఉన్నట్టుండి ఎండ మాయమయ్యేసరికి మబ్బు పట్టిందనుకుని తల ఎత్తాడు. మబ్బుకు గోళ్ళుంటాయా? ఆ పక్షి రెక్కలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరుచుకున్నాయి. వాటిలో నెమలికంఠం నీలం, చిలకపచ్చ, పసుపు, కుంకుమ కలిసి మెరుస్తున్నాయి. ఉదగ్రపురి చక్రవర్తి పతాకం మీద ఏయే రంగులున్నాయో ఆ పక్షి మీదా అవే ఉన్నాయి. ముక్కు గునపంలా ఉంది.

“పడుకో చినదొరా, పడుకో!” అని మందపాలుడు గావుకేక పెట్టాడు.

ఇతరులకు సలహా చెప్పేవాళ్ళకు తమ సంగతి గుర్తుండదు. శరభుడు బల్లకట్టును కరుచుకుని పడుకున్నాడు. నిలబడి అరిచిన మందపాలుడి నడుముదట్టీలో డేగ గోళ్ళు దిగబడ్డాయి. అంతటి మల్లయోధుడు, ఒక్కపూటకు కుంచెడు బియ్యం వండించుకునేవాడు, కోడిపిల్లలా గాలిలోకి లేచిపోయాడు. శరభుడు ఎగిరి డేగ రెండో కాలు వాటేసుకున్నాడు. బల్లకట్టు కిందెక్కడో పుల్లముక్క అయిపోయింది, నది వెండి మొలతాడంత అయిపోయింది.

“వదిలెయ్ చినదొరా! నాతోపాటు నువ్వెందుకు చావడం!”

“నోరు మూసుకుని దట్టీ గట్టిగా పట్టుకో!”

శరభుడు పళ్ళతో ఒర పట్టుకుని బాకు దూసి, గోళ్ళ పైన కీలు దగ్గర శక్తికొద్దీ పొడిచాడు. డేగ దిక్కులు అదిరేలా అరిచింది. చుట్టూ ఒక వలయం తిరిగి, అవతలి ఒడ్డున మెత్తటి ఇసుకలో ఇద్దర్నీ జారవిడిచి, కొండల వెనక్కి వెళ్ళిపోయింది. అంత పెద్ద పక్షి ఒక చిన్న బాకుపోటుకు బెదిరిపోవడమేమిటి, అదీ మెత్తటి ఇసుక చూసి మరీ వదలడమేమిటి అన్న అనుమానం మీకు వచ్చి ఉంటుంది. శరభుడికి రాలేదు. పడుచువయసులో గెలిచినవాడికి ఇలాంటి అనుమానాలు రావు.

“అటుకులు పోయాయి చినదొరా” అన్నాడు మందపాలుడు, ఒళ్ళంతా తడుముకుంటూ. ప్రాణాలు దక్కినందుకు సంతోషించడం ఆ తర్వాత గుర్తొచ్చింది.

శరభుడు ఎదుటికి చూశాడు. తూర్పున ఉదగ్రపురి బురుజులు కనిపిస్తున్నాయి. అతను వెళ్ళవలసింది అక్కడికే. ఆ నగరంలో, ఒక మండపంలో, అతని అన్న కళ్ళు ఒక గుడ్డపీలికలో ముడివేసి ఉన్నాయి.

ఈ మాటకు అర్థం తెలియాలంటే లవణగిరి సంగతి కాస్త చెప్పుకోవాలి.

లవణగిరి చిన్న రాజ్యం. నాలుగు కొండలు, ఒక కోట, కోట నడుమ ఒక ఉప్పునీటి ఊట. ఆ ఊటే వాళ్ళ దేవత, పేరు ఊటమ్మ. ఆ రాజ్యంలో ప్రమాణం చేసే పద్ధతి మరెక్కడా లేదు. ఊట నీళ్ళు ఎండగట్టిన ఉప్పును చిటికెడు తీసి రెండు కనురెప్పలకూ అద్దుకుని మాట చెప్పాలి. మిగిలిన ఉప్పును తన ఉత్తరీయం చెంగు చించి అందులో ముడివేసి, మాట తీసుకున్నవాడి చేతికివ్వాలి. ముడి ఉన్నంతకాలం ఇద్దరూ కట్టుబడి ఉండాలి. తీసుకున్నవాడు తన చేత్తో తాను విప్పితే ఇద్దరికీ విడుదల, ఆ రోజంతా ఊట తియ్యగా పారుతుంది. ఇచ్చినవాడు మాట తప్పితే ముడిలోని ఉప్పు కరిగి కారిపోతుంది, వాడి కళ్ళు వాడివి కాకుండా పోతాయి.

ఉదగ్రపురి చక్రవర్తి కాలకేతువు మూడేళ్ళ క్రితం ఈ కొండల మీదికి సముద్రమంత సైన్యంతో వచ్చాడు. ఆయన కోటలు తగలబెట్టే రకం కాదు. ప్రమాణాలు చేయిస్తాడు. అదీ తన దేవుడి పేరు మీద కాదు. ఓడినవాళ్ళ చేత పరాయి దేవుడి పేరు మీద ఒట్టు వేయిస్తే వాళ్ళు పెదవులతో వేసి లోలోపల నవ్వుకుంటారు. సొంత దేవత పేరు మీద వేయిస్తే వాళ్ళకు వాళ్ళే కాపలా. కాలకేతువుకు ఈ కిటుకు బాగా తెలుసు. లవణగిరి రాజు విక్రాంతుడి చేత ఊటమ్మ ఉప్పు కళ్ళకద్దించి, నీపై కత్తి ఎత్తనని మాట తీసుకున్నాడు. నీ కోట గుమ్మం తొక్కనని తానూ అదే ఉప్పు అద్దుకుని మాట ఇచ్చాడు. ఆ మీదట ఒక కొత్త పేరు పెట్టాడు. ఆయన గెలిచిన ప్రతి రాజుకూ పేరు మారుస్తాడు. ఆనాటి నుంచి విక్రాంతుడు వినతవర్మ అయ్యాడు. సొంత భార్య కూడా అంతఃపురం తలుపులు వేసుకుంటే తప్ప పాత పేరుతో పిలవడం మానేసింది.

అవమానం ఎంతకాలం మింగుతారు? చక్రవర్తికి ఇంకా లొంగని సింధుద్వీపం నుంచి రాయబారినంటూ కుహనాక్షుడనే మాంత్రికుడు వచ్చాడు. పొడుగాటి గడ్డం, తీయని గొంతు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళు మనకు కొత్త కాదు, ఇతను అరచేతిలో గుర్రాలను చూపించాడు. సభలో అందరూ వంగి వంగి చూశారు. సముద్రపుటొడ్డున నురుగులు కక్కుతూ కనుచూపుమేర అశ్వసేన. “మీరు కత్తి దూయడమే ఆలస్యం మహారాజా” అన్నాడు కుహనాక్షుడు.

సభ ఊగిపోయింది. ఊగనిది ఊటమ్మ పూనే ముసలిది మాతంగి ఒక్కతే.

“ఆ చక్రవర్తి మంచోడని నేనన్లేదు నాయనా. వాడు దొంగే. కానీ మాట వాడికిచ్చినా, పెట్టింది అమ్మ పేరు. వాడికి తప్పితే అమ్మకి తప్పినట్టే. అమ్మే మన మీదికి వాణ్ణి తోలుకొస్తాది” అంది.

“నువ్వు ఎవరి ఉప్పు తిని ఎవరి పాట పాడుతున్నావు అవ్వా?” అని రాజు మండిపడ్డాడు.

“ఉప్పా? నువ్వా ముడి కట్టిచ్చిన్నాటి నించీ నేను ఉప్పే ముట్టలేదు. చప్పిడి కూడే తింటన్నాను. అడుగు ఎవర్నయినా.”

రాజు ఎవర్నీ అడగలేదు. శత్రువు పక్షం మాట్లాడుతోందని ఆమెను పాడుబడ్డ ఉప్పుగోతిలో దింపించి పైన తడికె వేయించాడు. సభలో ఒక్కరూ అడ్డుపడలేదు. అన్నకు ఎదురు చెప్పడం ఇష్టం లేక శరభుడూ తల దించుకున్నాడు. కానీ ముసలమ్మ మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రమే అన్న దగ్గరికి వెళ్ళాడు.

“అన్నయ్యా, కత్తి దూద్దాం. కానీ ముందు ఆ ముడి విడిపోవాలి. నేను మారువేషంలో వెళ్ళి ఆయన చేత్తోనే విప్పిస్తాను.”

“విడిందని ఇక్కడున్న నాకు ఎలా తెలుస్తుంది?”

“రోజూ పొద్దున్నే ఊట నీళ్ళు నోట్లో పోసుకో. తియ్యగా ఉన్ననాడు యుద్ధభేరి కొట్టించు. ఉప్పగా ఉన్నంతకాలం కత్తి ఒర దాటకూడదు. నా మీద ఆన.”

“నీ మీద ఆనరా తమ్ముడూ” అని విక్రాంతుడు అతన్ని కౌగిలించుకున్నాడు. పక్కనే కుహనాక్షుడు గడ్డం దువ్వుకుంటూ నిలబడి ఉన్నాడు.

బయలుదేరేటప్పుడు ఉప్పుగోయి మీదుగానే దారి. తడికె కింద నుంచి మాతంగి గొంతు వినిపించింది. “నాయనా శరభా! నోటితో చూడమన్నావంట! నోటితో కాదు నాయనా, ఒక్క నిమిషం ఆగు…” శరభుడు ఆగబోయాడు. “ముహూర్తం దాటిపోతోంది యువరాజా, ముసలివాళ్ళ చాదస్తం వింటూ కూర్చుంటే ఘర్ఘర దాటలేవు” అని కుహనాక్షుడు గుర్రాన్ని అదిలించాడు. శరభుడు ఆగలేదు. తియ్యటి ఊట చవిచూసినవాళ్ళలో లవణగిరిలో బతికున్నది ఆమె ఒక్కతే అని అప్పుడు అతనికి తట్టలేదు.

ఇసుకలో నుంచి లేచి, వీపులకు కట్టుకున్నందున దక్కిన డోలూ బట్టలమూటా చూసుకుని, శరభుడు వేషం సర్దుకున్నాడు. నెత్తిన ఎర్ర తలపాగా, చేతుల నిండా రంగురంగుల తాళ్ళు. ఇప్పుడతను గ్రంథిలుడనే ముడుల గారడీవాడు. మందపాలుడు అతని డోలు వాయించేవాడు.

ఆహా, ఉదగ్రపురి! ఆ నగరానికి సొంత రాయంటూ ఒక్కటి లేదు. ప్రాకారంలో ఒక వరుస నల్లరాయి, అది జయించిన ఒక దుర్గానిది. ఆ పైన ఎర్రరాయి, అది మరో దుర్గానిది. ఆ పైన పాలరాయి, పచ్చరాయి, చిత్తడినేలల రాజ్యం నుంచి తెచ్చిన కాల్చిన ఇటుక. వీధుల్లో కస్తూరి వాసన, కాల్చిన మాంసం వాసన, మల్లెల వాసన కలగలిసి తల తిరిగిపోతుంది. బంగారు గొలుసులతో కట్టిన చిరుతపులులు అంగళ్ళ ముందు ఆవులిస్తున్నాయి. గాజుతొట్లలో ఎగిరే చేపలు. మేడల మీద నుంచి పన్నీటి జల్లు. ఇంత వైభవంలోనూ ఒక విడ్డూరం ఉంది. ఎవరూ ఎవర్నీ పేరుపెట్టి పిలుచుకోవడం లేదు. పిలవాలంటే చక్రవర్తి పెట్టిన పేరుతో పిలవాలి. అది నోట రాక, అందరూ “ఇదుగో”, “ఏమండీ”, “అన్నా” అంటూ గడుపుకొస్తున్నారు.

నగరద్వారం దగ్గర కావలివాడు శరభుణ్ణి ఎగాదిగా చూశాడు.

“ముడులు వేస్తావా?”

“వేస్తాను, విప్పుతాను. విప్పలేని ముడి ఉందంటే చక్రవర్తుల చేతే విప్పిస్తాను.”

“అయితే ఇంకేం. రేపు మధ్యాహ్నం ప్రమాణమండపంలో కొలువు. తూర్పు వాకిలి నుంచి వెళ్ళు, తొందరగా లోపలికి పంపిస్తారు” అన్నాడు కావలివాడు. ఆపైన భోజనం దొరికే సత్రం కూడా చూపించాడు.

“మర్యాదస్తుల ఊరు చినదొరా” అని మందపాలుడు తెగ మెచ్చుకున్నాడు. సత్రంలో పాయసం కూడా పెట్టారు. వాళ్ళు పాయసం తింటున్నప్పుడు కోట బురుజు మీద నుంచి ఒక పావురం పడమటి దిక్కుగా ఎగిరింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ప్రమాణమండపంలో అడుగుపెట్టారు. అడుగుపెట్టి, చుట్టూ చూస్తూ నిలబడిపోయారు.

చందనపు స్తంభాలు, ప్రతి స్తంభానికీ ఒక గూడు. ఒక గూట్లో గుర్రాలు తోలే జాతి నాయకుడి జడ, మొదలంటా కోసి నూనె రాసి పెట్టింది. ఒక గూట్లో సముద్రపు జాతి శంఖం, నోటికి మైనం, లోపల వాళ్ళ తొలి రేవు నీళ్ళు. మరొక గూట్లో అడవిజాతి రాజు పెద్దకొడుకు పాలపళ్ళు, తామరాకు మీద. ఇంకొక చోట ఒక నిప్పుకుండ, ఆరకుండా కొబ్బరిచిప్పలు వేస్తూ ఒక బ్రాహ్మణుడు. ఏ జాతి ఏ విధంగా ఒట్టు వేస్తుందో ఆ విధంగా వేయించి తెచ్చినవన్నీ అక్కడున్నాయి. ప్రతి గూటికీ ఆ జాతి మనిషి ఒకరు కాపలా. రోజూ దుమ్ము దులిపి, పూలు పెట్టి, వాళ్ళ దేవతకు వాళ్ళ పద్ధతిలోనే పూజ చేయాలని చక్రవర్తి ఆజ్ఞ. వాళ్ళ సొంత ఊళ్ళలో కూడా అంత శ్రద్ధగా పూజలు జరిగి ఉండవు.

లవణగిరి గూడు నడిమి స్తంభానికి ఉంది. విక్రాంతుడి పసుపు ఉత్తరీయం చెంగు, గట్టిగా బిగించిన ముడి. పక్కనే ఒక మట్టిపిడతలో ఊటమ్మ ఉప్పు. దాన్ని చూడగానే శరభుడికి కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్తరీయం చిన్నప్పుడు తనను ఎన్నిసార్లు చుట్టబెట్టిందో అతనికి తెలుసు.

సింహాసనం మీద కూర్చున్న కాలకేతువును చూస్తే మీరు నమ్మరు. కోరమీసాలూ లేవు, ఎర్రటి కళ్ళూ లేవు. బక్కపలచని ముసలాయన, జలుబు చేసినట్టుంది, శాలువా చెవుల మీదుగా కప్పుకున్నాడు. పెళ్ళిసంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలా ఉన్నాడు.

“కానియ్యి నాయనా” అన్నాడు మెత్తగా.

మందపాలుడు డోలు అందుకున్నాడు. శరభుడు తాళ్ళు గాలిలోకి విసిరాడు. అవి పాముల్లా పెనవేసుకుని, పూలగుత్తులై, పంజరాలై, విసురుకు విడిపోయి మళ్ళీ తాళ్ళయ్యాయి. సభ చప్పట్లు కొట్టింది. చక్రవర్తి కూడా శాలువాలోంచి చేతులు తీసి కొట్టాడు. అదను చూసి శరభుడు తలపాగా సవరించుకున్నాడు.

“సార్వభౌమా! నా వేళ్ళకు లొంగని ముడి లోకంలో లేదనుకున్నాను. తమ మండపంలో ఒకటి కనిపించింది. ఆ పసుపుగుడ్డ ముడి. కొండజాతివాళ్ళ ముడి అది. నావల్ల కాదు. తమవల్ల కూడా అవుతుందో లేదో!”

సభ ఉలిక్కిపడింది. చక్రవర్తి మాత్రం చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. “నావల్ల కాదంటావా? ఇలా తీసుకురండి.”

ముడి ఆయన ఒళ్ళోకి వచ్చింది. మందపాలుడు డోలు మీద దరువు తప్పాడు. కాలకేతువు బొటనవేలి గోరు ముడి సందులో దూర్చాడు. కాస్త కదిలించాడు. బిగువు సడలింది. ఒక మెలిక వదులైంది. ఇంకొక్క మెలిక. లాగు తండ్రీ, లాగు అనుకుంటూ శరభుడు లోలోపల ఊటమ్మకు మొక్కుకుంటున్నాడు.

చక్రవర్తి వేలు ఆగిపోయింది.

“విప్పితే ఏమవుతుంది నాయనా?”

“ఏమవుతుంది ప్రభూ? చిటికెడు ఉప్పు బయటపడుతుంది.”

“అంతేనా” అంటూ ఆయన స్తంభాల నీడ వంక చూశాడు. నీడ సింహాసనం మెట్టును తాకింది. “అయితే తొందరేముంది, ఇంకాసేపు ఆగుదాం” అన్నాడు. ముడి అరచేతిలోనే పట్టుకుని, సభనంతా ఎదురుచూడనిచ్చి, చల్లగా కూర్చున్నాడు.

అప్పుడు ఆ పసుపుగుడ్డ తడిసింది.

మొదట అడుగున చెమ్మ కనిపించింది. తర్వాత చక్రవర్తి వేళ్ళ సందుల్లోంచి ఒక బొట్టు జారింది. మరొకటి. ఉప్పునీళ్ళు టపటపా మెట్ల మీద పడ్డాయి. ముడి వేసింది వేసినట్టే ఉంది, లోపలున్నది కరిగిపోయింది.

“అయిపోయింది” అని నిట్టూర్చి కాలకేతువు చేయి తుడుచుకున్నాడు. “నేను విప్పలేదు శరభా. మీ అన్నే తెంపాడు.”

అసలు పేరు వినపడగానే మందపాలుడి చేతిలోని డోలు కిందపడి దొర్లింది.

“నా డేగ నిన్ను చీల్చకుండా ఇసుకలో ఎందుకు దింపిందనుకున్నావు? కావలివాడు దారి చెప్పి మరీ ఎందుకు పంపించాడు? నువ్వు ఇక్కడికి రాకపోతే, ఊట తియ్యగా మారిందంటే మీ అన్న నమ్మడు. నువ్వు నగరంలో కాలు పెట్టావని నిన్న పావురం వెళ్ళింది. తెల్లవారేసరికి కుహనాక్షుడు ఊటలో తేనె పోశాడు. మీ అన్న నోట్లో పోసుకున్నాడు, తియ్యగా ఉంది. భేరి కొట్టించాడు. కుహనాక్షుడు పెట్టిన మధ్యాహ్న ముహూర్తానికి కత్తి దూశాడు.”

“కుహనాక్షుడు సింధుద్వీపం…”

“మా వంటశాలలో పుట్టి పెరిగినవాడు. అరచేతిలో గుర్రాలు చూపించడం ఒక్కటే వాడి విద్య. ఊటలో తేనె పోయడానికి మంత్రం ఎందుకు నాయనా?”

నోటితో కాదు నాయనా, ఒక్క నిమిషం ఆగు. గోతిలోని గొంతు శరభుడి చెవుల్లో గింగురుమంది. ఉప్పు అద్దింది కళ్ళకు. విడుదల తెలిసేదీ కళ్ళకే. నీళ్ళు కంట్లో వేసుకోవాలి. మండకపోతే విడుదల, మండితే లేదు. ఇంతే ఆమె చెప్పబోయింది. ఇంత చిన్న మాట. తేనె నాలుకను మోసం చేయగలదు గానీ కంటిని మోసం చేయలేదు. ఈ సంగతి తెలిసిన ఒక్క మనిషినీ తామే గోతిలో పెట్టి తడికె వేశారు.

“ఎందుకు?” అన్నాడు శరభుడు. “అన్న కప్పం తప్పాడా? తల వంచలేదా? ఎందుకీ మోసం?”

“సింధుద్వీపానికి దారి మీ కోటలోంచే ఉంది. ముడి ఉన్నంతకాలం మీ గుమ్మం తొక్కనని నేనూ ఊటమ్మ పేరు మీద ఒట్టు వేశాను. నేను ఒట్టు తప్పే మనిషిని కాను. ఒక్కటి తప్పితే ఈ మండపంలో ఒక్క గూడూ నిలవదు. అందుకని మీ చేతే తప్పించాను. ఇప్పుడు మీ మీదికి వస్తున్నది నేను కాదు, మీ అమ్మే.”

మాతంగి అన్నదీ అదే మాట.

శరభుడు ఇంక ఆగలేకపోయాడు. తలపాగాలో దాచిన బాకు దూసి పులిలా సింహాసనం మీదికి లంఘించాడు. భటులు కదలలేదు. వాళ్ళు కదలనక్కర లేకపోయింది. గూళ్ళ దగ్గర కాపలా ఉన్నవాళ్ళంతా, ఓడిన జాతులవాళ్ళంతా, గొల్లుమంటూ పరుగెత్తుకొచ్చి చక్రవర్తికి అడ్డం నిలబడ్డారు. జడ కాపలా ముసలివాడు శరభుడి మోకాళ్ళు కావలించుకున్నాడు.

“ఒద్దు బాబూ, నీ కాళ్ళకు మొక్కుతా, ఆయన్ని చంపకు! ఆ చెయ్యి పోతే మా ఒట్టు విప్పే చెయ్యి లేదు! మా పిల్లలూ, వాళ్ళ పిల్లలూ కట్టుబడే ఉండిపోతారు!”

“ఆయన ఎప్పటికీ విప్పడు తాతా!”

“తెలుసు బాబూ. అయినా చెయ్యంటూ ఉండాలి కదా!” అని ముసలివాడు బావురుమన్నాడు.

అతన్ని పొడిచి ముందుకు వెళ్ళాలా? నిప్పుకుండ బ్రాహ్మణుణ్ణి పొడవాలా? శంఖం దగ్గర్నుంచి పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లిని పొడవాలా? శరభుడు బాకు కింద పడేశాడు. కాలకేతువు శాలువా సర్దుకుంటూ ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖంలో గర్వం కూడా లేదు. అదే శరభుడికి ఎక్కువ మంటగా ఉంది.

“కూర్చో నాయనా. ఇప్పుడు మీ రాజ్యానికి ఒట్టూ లేదు, రాజూ లేడు. సేన నిన్ననే ఘర్ఘర దాటింది. దాన్ని ఆపే మాట ఒక్కటే ఉంది. నువ్వు ప్రమాణం చెయ్యి. దారి వదులు, సేన మీ కోటలోంచి నడిచి వెళ్ళిపోతుంది, గడ్డిపోచ కూడా తుంచదు. చెయ్యకపోతే అవతలికి పోవడానికి కోట ఉండనక్కర లేదు.”

“మా అన్న?”

“మీ అన్నను నేను ముట్టుకోను. ఉప్పు కరిగిన గడియ నుంచీ ఆయనకు చూపు లేదు. అది నేను తీసింది కాదు.”

శరభుడు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. కథల్లో వీరులు ఏడవకూడదంటారు. ఏడ్చాడు మరి, ఏం చేస్తాడు? అన్న యుద్ధభేరి దగ్గర నిలబడి, జేజేలు వింటూ, చీకట్లో చేతులు చాపి ఎవర్ని వెతుక్కుంటున్నాడో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది.

“చినదొరా” అని మందపాలుడు గొంతు తగ్గించి, దగ్గరికి జరిగాడు. “నీ ఒంటి మీదున్నది నా ఉత్తరీయం. ఒరుల గుడ్డలో కట్టిన ముడి ముడే కాదంటారు కదా మనవాళ్ళు. కట్టిచ్చెయ్. తర్వాత చూసుకుందాం.”

ఆ మాటకు శరభుడి కళ్ళలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. కానీ వెంటనే చప్పిడి కూడు తిన్న ముసలమ్మ ముఖం గుర్తొచ్చింది. పెట్టింది అమ్మ పేరు. మోసం ఈయనకు చేస్తే ఎవరికి చేసినట్టు? ఇంతవరకు జరిగింది చాలదా?

“నా మూటలో నా ఉత్తరీయం ఉంది, తియ్యి” అన్నాడు.

మందపాలుడు తీసి ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు. మట్టిపిడత ముందుకు వచ్చింది. శరభుడు చిటికెడు ఉప్పు తీసుకున్నాడు.

“ఒక్క కోరిక. మా కోటలో గోతిలో ఒక ముసలమ్మ ఉంది. ఆమెను పైకి తీయించాలి.”

“ఒట్టు తప్పవద్దని చెప్పిన ముసలమ్మే కదా?” చక్రవర్తి నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అటువంటి మనిషిని గోతిలో ఎందుకు వేశారు నాయనా?”

శరభుడు కళ్ళు మూసుకున్నాడు. ఉప్పు రెప్పలకు అద్దుకున్నాడు. భగ్గుమని మండింది. ఊటమ్మ పేరు చెప్పి, చెప్పవలసిన మాటలు చెప్పి, తన ఉత్తరీయం చెంగు చించి ముడివేసి ఇచ్చాడు. కాలకేతువు కూడా ఎప్పటిలాగే తన వంతు ఉప్పు భక్తిగా అద్దుకుని, ఆ ముడిని పాత ముడి ఉన్న గూట్లోనే పెట్టించాడు.

“నీ మొదటి పని చెబుతాను. గుర్రం సిద్ధంగా ఉంది. వెళ్ళి మీ అన్నను ఇక్కడికి తీసుకురా. చూపు లేనివాణ్ణి చేయి పట్టుకుని నడిపించడానికి తమ్ముడి కంటే ఎవరు కావాలి? ఇక పేరు. అనుగతవర్మ. బాగుందా?”

ఆకాశంలో రంగురంగుల రెక్కల నీడ మండపం మీదుగా పడమటికి సాగిపోయింది. వాకిట్లో సేనానాయకుడు గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మందపాలుడు కళ్ళు తుడుచుకుంటూ ముందు నడిచాడు. శరభుడు ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. కళ్ళ మంట ఇంకా తగ్గలేదు.

“అనుగతవర్మా!” అని వెనక నుంచి ప్రతీహారి పిలిచాడు.

శరభుడు తనను కాదనుకుని నడుస్తూనే ఉన్నాడు.

“అనుగతవర్మా!”

రెండోసారి అతను వెనక్కి తిరిగాడు.